ఉప్పునీళ్ళ పీపా

చెంగల్రాయన్ రిటైరయ్యేదాకా మా కార్ఖానా గేటు దగ్గర స్టూలు మీదే కూర్చున్నాడు. ఊరికే కూర్చునేవాడు కాదు. ఎడమకాలి మడమతో నేల మీద ఒక్కసారి తట్టేవాడు, కాసేపు ఆగేవాడు, మళ్ళీ ఒక్కసారి తట్టేవాడు. కొత్తగా చేరినవాళ్ళు చూసి ముసలాయనకి వాతం కాబోలు అనుకునేవారు. వాతమూ లేదు వల్లకాడూ లేదు. ఆ తట్టుడికి అర్థం ఈ భూమ్మీద ముగ్గురికే తెలుసు. అందులో ఒకడు పోయాడు. ఒకడు ఆ తట్టేవాడే. మూడోవాణ్ణి నేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుంటే నన్ను ఎవరూ గడప తొక్కనిచ్చేవారు కాదు.

నా పేరు బుల్లిరాజు. మాది యానాం. యాభై నాలుగులో ఫ్రెంచి జెండా దిగాక, ఆ మరుసటేడు పుదుచ్చేరి వచ్చిపడ్డాను. ఫ్రెంచి రాయడం వచ్చు. ఇంగ్లీషు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అరవానికి ఇక్కడికొచ్చాక నాలిక తిరిగింది. నాలాంటివాడికి ఆ రోజుల్లో మహా గిరాకీ లెండి. పాత కాయితాలు ఫ్రెంచిలో ఉండేవి, కొత్త ఉత్తర్వులు ఇంగ్లీషులో వచ్చేవి, పనిచేసేవాళ్ళ నోళ్ళేమో అరవంలోనూ తెలుగులోనూ ఆడేవి. అన్నిటికీ నడుమ నేను. సముద్రపొడ్డున, కురుచికుప్పానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక ఇనప కార్ఖానాలో గుమాస్తాగా వేశారు. దాని పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా.

చేరిన రోజున షెడ్డులోకి తొంగిచూసి బిత్తరపోయాను. ఎప్పటిదో ఫ్రెంచివాళ్ళు సారాయి తెప్పించుకున్న పెద్ద కొయ్య పీపా, మూతి కోసేసి నిండా నీళ్ళు పోసి ఉంది. పైన దూలానికి కప్పీ. కప్పీ మీంచి తాడు. తాడు చివర ఇనప పలక నీళ్ళలో వేలాడుతోంది. దానికి కరెంటు తీగ. తాడు రెండో కొస పట్టుకుని ఒక బక్కమనిషి నిలబడి ఉన్నాడు. అవతల నల్లద్దం ముసుగు వేసుకుని ఇంకో మనిషి గొంతుక్కూర్చుని ఇనుము అతుకుతున్నాడు. కరెంటు తీగ నీళ్ళలో ముంచుతారా, వీళ్ళకేమైనా మతి చలించిందా అనుకుని నాలుగడుగులు వెనక్కి వేశాను. తాడు పట్టుకున్నవాడు నన్ను చూసి కిసుక్కున నవ్వాడు.

వాడే అరుణాచలం. ముసుగు వేసుకున్నవాడు చెంగల్రాయన్. చెంగల్రాయన్ చెల్లెలు మునెమ్మని అరుణాచలానికిచ్చారు. ఇద్దరివీ విల్లియనూరు పక్క సేద్యం చేసుకునే తెలుగు కుటుంబాలు, నాలుగైదు తరాల కిందటే వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, సగం అరవం కలిపి. ఏ అక్షరమూ రాదు. చెంగల్రాయన్‌కి పని నేర్పింది పాత దొరల కాలంలో ఒక తెల్ల మేస్త్రీ. నేర్చుకున్నాక బావని తనే తీసుకొచ్చి తాడు చేతికిచ్చాడు. అలా పదిహేనేళ్ళు. నా భాష విని చెంగల్రాయన్ ఆటపట్టించేవాడు, మీ యానాం తెలుగు వింటా ఉంటే హరికథ విన్నట్టుండాది తంబీ అని. నేను అన్నా అనేవాణ్ణి.

ఆ పీపా సంగతి ఆయనే నాకు విడమర్చి చెప్పాడు. డైనమో ఇచ్చే కరెంటుని తిన్నగా చేతిలో ఉన్న అతుకు రాడ్డుకి ఇస్తే కాకరపువ్వొత్తిలా భగ్గుమని పోతుంది. అందుకని దాన్ని ముందు ఉప్పునీళ్ళలోంచి నడిపిస్తారు. పీపా అడుగున ఒక పలక, పైనుంచి వేలాడేది ఒక పలక. రెండూ దగ్గరైతే కరెంటు ఎక్కువ పారుతుంది, దూరమైతే తగ్గుతుంది. ఆయన కరెంటు అనడు, సత్తువ అంటాడు. పని చేస్తూంటే నీళ్ళు కాగుతాయి. నీళ్ళు కాగిన కొద్దీ సత్తువ దానంతటదే పెరిగిపోతుంది. అందుకని తాడు మనిషి పలకని కొంచెం కొంచెంగా పైకి లాగుతూ ఉండాలి. పొద్దున్నే అరుణాచలం పీపాలో గుప్పెడు గుప్పెడు ఉప్పు వేసి, కలిపి, పులుసు రుచి చూసినట్టు వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. చాలకపోతే ఇంకో చిటికెడు. అంతే, దానికి కొలతా లేదు, ముల్లూ లేదు.

మరి ఎంత సత్తువ పారుతోందో తెలిసేదెలా? చెవితో. నిప్పు మినప వడియాలు వేగినట్టు ఒకే తీరున చిరచిరలాడుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. టపటపమని ఉమ్మితే చాలనట్టు. బుస్సుమని లేస్తే ఎక్కువైనట్టు. ముసుగులో ఉన్నవాడు నోరెత్తి చెప్పలేడు, తల ఎత్తలేడు. మడమతో నేల మీద ఒకసారి తడితే పలక దించు, సత్తువ పెంచు అని. రెండుసార్లు తడితే ఎత్తు, తగ్గించు అని. నేను చూస్తుండగా ఆ తట్టే అవసరం కూడా చాలాసార్లు వచ్చేది కాదు. చప్పుడు మారీ మారకముందే అరుణాచలం చెయ్యి కదిలేది. వాళ్ళిద్దరూ కలిసి ఒక్క మనిషి అండీ, అంతకంటే నాకు చెప్పడం రాదు.

యాభై ఆరులో పట్టాభిరామన్ అని ఇంజనీరు మద్రాసు నుంచి వచ్చాడు. ఆయన్ని తిట్టి నా పాపం తగ్గించుకోలేను. బుద్ధిమంతుడు, పనిమంతుడు. పీపాని చూసి ఆయనకి గుండె జారింది. ఎవడో ఒకడు ఆ నీళ్ళలో చెయ్యి పెట్టి చస్తాడన్నాడు. అది నిజమే. రాతకోతలు చేసి చేసి ఊరి కరెంటు మీద నడిచే కొత్త మిషను తెప్పించాడు. బీరువా అంత ఇనప పెట్టె. పైన తిప్పే పిడి. పిడి తిప్పితే ముల్లు కదిలి, అంకెల మీద నిలబడుతుంది. ఇంత మందం ఇనుముకి ఇంత మందం రాడ్డు, దానికి ఇంత అంకె అని పట్టిక గోడకి కొట్టించాడు. ప్రతి పనికీ అంకె వేసిన చీటీ రాయడం నా పని.

పిడి వచ్చాక తాడు మనిషి ఎందుకు? అరుణాచలాన్ని ఒడ్డున చేత్తో తిప్పే క్రేను దగ్గర కూలీగా వేశారు. ఓడలు దూరంగా ఆగుతాయి, పడవల్లో సరుకొస్తుంది, పడవలోంచి క్రేనుతో పైకి తీస్తారు. పీపాని దొర్లించుకెళ్ళి గేటు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి పెట్టారు. అరుణాచలం మాత్రం ఖాళీ దొరికితే షెడ్డు గుమ్మంలో వచ్చి నిలబడేవాడు. అవతల రాడ్డు అంటుకుపోయి చప్పుడు మారితే, ఇక్కడ వాడి పిడికిలి మూసుకునేది. తాడేదిరా నీ మొహం అని నేను వెక్కిరించేవాణ్ణి. వాడు సిగ్గుపడి చెయ్యి లుంగీకి తుడుచుకునేవాడు.

కొత్త మిషనుతో చెంగల్రాయన్‌కి మొదటి నెల్లోనే పేచీ వచ్చింది. పొద్దున పూట దాని అంకె నిజమే చెప్పేది. సాయంత్రం ఊళ్ళో దీపాలు వెలిగేసరికి లైను నీరసించిపోయేది. ముల్లు కదలదు, అంకె మారదు, పారే కరెంటు మాత్రం తగ్గిపోతుంది. ఒకరోజు ఆయన ఒళ్ళుమండి పిడిని చివరికంటా తిప్పేశాడు. కాసేపటికి అదే లైను మీదున్న బట్టల మిల్లు ఆగి లైనులోకి బలం తిరిగొచ్చింది. తిప్పిన పిడి అలాగే ఉంది. లోపలి తీగచుట్ట మాడి షెడ్డంతా పొగ. మిషను బాగై రావడానికి రెండు నెలలు పట్టింది. అది తిరిగొచ్చాక పట్టాభిరామన్ పిడికి చిన్న ఇనప పట్టీ వేయించి తాళం బిగించాడు. చీటీలో అంకె ప్రకారం తాళం తీసి ముల్లు నిలబెట్టడం, మళ్ళీ వెయ్యడం నా పని. తాళంచెవి నా మొలతాడుకి.

అప్పట్లో అందరి ప్రాణాలూ ఒక్క జాబితా మీద వేలాడుతున్నాయి. పాత దొరతనంలో రోజుకూలీగా ఉన్నవాళ్ళలో ఎవరిని కొత్త సర్కారు పర్మనెంటు చేస్తుంది, ఎవరిని ఇంటికి పంపుతుంది అని. చెంగల్రాయన్ పేరు ఆ జాబితాలో ఉంది, పక్కన తీగచుట్ట మాడ్చిన మచ్చా ఉంది. పట్టాభిరామన్ నాచేత చెప్పించాడు, ఇంకోసారి అంకె దాటి పని చేస్తే పేరు ఉండదని. ఆయన అన్నది అంతే. నేను ఊరుకుంటానా? అగ్నికి ఆజ్యం పోసినట్టు, ఈ వయసులో వీధిన పడితే అంబుజమ్మక్క నిన్ను కూర్చోబెట్టి మేపుతుందా అని సొంతంగా రెండు ముక్కలు కలిపాను. అంబుజం ఆయన భార్య. ఆయన తల దించుకుని విన్నాడు. దొడ్డ మనిషిని అలా బెదిరించడం నాకు ఆ వయసులో సరదాగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

యాభై ఏడు, ఆడి నెల, అంటే మన ఆషాఢం. క్రేను చెయ్యి మొదట్లో ఉండే ఇనప పట్టీ చీలిందని మధ్యాహ్నం ఊడదీసి షెడ్డుకి తెచ్చారు. మర్నాడు పొద్దున్నే పడవలు. ఇంజనీరు కారైకాల్ వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ చీటీ మీద నూట అరవై అని వేసి సంతకం పెట్టాడు. నేను ముల్లు నూట అరవై మీద నిలబెట్టి తాళం వేశాను. చీలిక శుభ్రంచేసి, అంచులు అరగదీసి, చెంగల్రాయన్ అతకడం మొదలెట్టేసరికి ఆరు కావస్తోంది. వీధి దీపాలు వెలిగాయి.

నాకు ఆ సాయంత్రం సినిమా ఉంది. టిక్కెట్టు జేబులో ఉంది. ఈ ముక్క రాయకపోయినా ఎవరికీ తెలియదు, అయినా రాస్తున్నాను.

టపటపా మొదలైంది. నాకు కూడా వినపడింది. ఆ చప్పుడు అంతకు ముందు ఏడాదిన్నర వినీ వినీ నాకూ తెలుసు. ఆయన మడమ నేల మీద ఒక్కసారి తట్టింది. అలవాటు కదా. పీపా లేదు, తాడు లేదు. గుమ్మంలో అరుణాచలం ఉన్నాడు, బావతో కలిసి ఇంటికెళ్దామని వచ్చినవాడు. వాడి పిడికిలి మూసుకుంది. తరవాత వాడు నావైపు చూశాడు, నా మొలతాడు వైపు చూశాడు.

చెంగల్రాయన్ ముసుగు పైకెత్తి లేచొచ్చాడు.

"తంబీ, సత్తువ చాల్లేదు. తాళం ఇయ్యి."

"ముల్లు నూట అరవై మీదే ఉంది కదన్నా" అన్నాను.

"ముల్లు ఉండాది. సత్తువ లేదు."

ఊరు పడుకున్నాక లైనులోకి బలం వస్తుంది, అప్పుడు చేస్తా, షెడ్డు తెరిచి ఉంచు అని అడిగాడు. ఏడింటికి షెడ్డు మూయాలని రూలు ఉందన్నాను. రూలు ఉంది, అబద్ధం కాదు. కానీ నేను ఉండదలచుకుంటే ఏ రూలూ నా కాళ్ళు కట్టేసేది కాదు. జాబితా ఈ వారమే వెళ్తోందన్నా, మళ్ళీ పిడి జోలికెళ్ళావని ఇంజనీరుకి తెలిస్తే నీ పేరు కొట్టేస్తాడు, అంకె సరిగ్గా ఉంది, చీటీ ఉంది, నీకేం భయం, కానిచ్చెయ్యి అన్నాను. అదంతా ఆయన మేలుకోరి చెబుతున్నట్టే చెప్పాను.

ఆయన కాసేపు నిలబడ్డాడు. అడకత్తెరలో పోకచెక్కలా అంటారే, అలాగ. తరవాత వెళ్ళి కూర్చుని ముసుగు దించుకున్నాడు. టపటపమంటూనే అతుకంతా పూర్తయింది. పైకి చూస్తే నున్నగా, అందంగా ఉంది. అందానికేం, ఆయన చెయ్యి అలాంటిది. చల్లారాక అరుణాచలం దగ్గరికొచ్చి వంగి, ఆ అతుకుని వేలితో నిమిరాడు.

"పట్టిందా బావా?"

చెంగల్రాయన్ నావైపు ఒక్కసారి చూశాడు.

"పట్టినాది" అన్నాడు.

అరుణాచలం ఇంకేమీ అడగలేదు. పదిహేనేళ్ళలో బావ మాట వాడు ఎన్నడూ రెండోసారి అడిగినవాడు కాదు. ముగ్గురం బయటికొచ్చాం. గేటు దగ్గర పీపాలో వాళ్ళిద్దరూ కాళ్ళు కడుక్కున్నారు. నేను సినిమాకి పోయాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి క్రేను చెయ్యి కూలింది. కింద పడవలోంచి బస్తాల వల పైకి లేస్తోంది, దాన్ని ఒడ్డుకి లాగడానికి అరుణాచలం చేతులు చాపి నిలబడి ఉన్నాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఇక దాన్ని గురించి రాయను. ఆ పట్టీని తరవాత చేతిలోకి తీసుకుని చూశాను. విరగడం కాదది. పెనానికి అంటుకోని దోసె అట్లకాడ పెట్టగానే ఊడొచ్చినట్టు, అతుకంతా ఒక్క ముక్కగా లేచొచ్చేసింది. కింద ఇనుము కరిగిన జాడే లేదు. చెంగల్రాయన్ కూడా చూశాడు. చూసి, నేల మీద కూలబడి, బావ కాళ్ళు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాడు. విడిపించడానికి నలుగురు పట్టారు.

విచారణకి ఒక ఆఫీసరుని వేశారు. ఆయన కుర్చీలో కూర్చునే మనిషి, వాంగ్మూలాలు తీసుకోవడం నావంతు. వాళ్ళు చెప్పింది నేను ఇంగ్లీషులో రాయాలి, చదివి వినిపించాలి, వేలిముద్ర తీసుకోవాలి. చెంగల్రాయన్ నా బల్ల ముందు నిలబడి చెప్పాడు. ఏడవలేదు. ఒక్కో మాటా అతుకు వేస్తున్నట్టు నిదానంగా చెప్పాడు.

"రాయి తంబీ. సత్తువ చాల్లేదని నాకు తెలుసు. చెవిన బడినాది. మా బావ పట్టిందా అని నన్ను అడిగినాడు. నేను పట్టినాది అన్నా. ఆ మాట నమ్మినాడు గాబట్టే దాని కింద నిలబడినాడు. నాకేం శిక్ష ఏసినా సరే. అది మాత్రం ఒక్క అచ్చరం పోకుండా రాయి."

తాళం అడిగితే నేను ఇవ్వలేదని ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నా పేరే ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. ఎత్తకపోయినా గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మొలతాడు మీదికి పోయింది. ఆయన చెప్పింది రాస్తే, సత్తువ చాలదని తెలిసి ఎవరితో అన్నావు అని అడుగుతారు. గుమాస్తాతో అన్నానంటాడు. గుమాస్తా తాళం ఎందుకు ఇవ్వలేదంటారు. సినిమా దాకా వస్తుంది.

నేను రాసింది ఇది. ముల్లు ఉత్తర్వు ప్రకారం నూట అరవై మీద ఉన్నది. తాళం వేసి ఉన్నది. ఊరి లైనులో బలం పడిపోవుట వలన అతుకు నిలవలేదు. ఆ సంగతి పనివానికి తెలిసే వీలు లేదు. పనివాని దోషం ఏమియు లేదు. రాశాక ఆయనకి చదివి వినిపించినట్టు నటించాను. ఏం వినిపించానంటారా? ఆయన చెప్పిందే, ఆయన మాటల్లోనే, తిరిగి ఆయనకి వినిపించాను. ఆయన తలూపి బొటనవేలు అద్దాడు. ఆయన ఉద్యోగం కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ ఎంత నిజమో ఆ దేవుడికే తెలియాలి.

ఆ తరవాత చెంగల్రాయన్ రాడ్డు ముట్టుకోలేదు. పట్టాభిరామన్ జాలిపడి, కొన్నాళ్ళపాటు అని గేటు దగ్గర స్టూలు వేయించాడు. ప్రతి సోమవారం నా బల్ల దగ్గరికొచ్చి వచ్చిందా తంబీ అని అడిగేవాడు. శిక్ష కోసమండీ. జైలా, తీసెయ్యడమా, ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూసేవాడు. రాలేదన్నా అనేవాణ్ణి. సర్కారు పని నిదానం గదా అని తనే సర్దిచెప్పుకుని వెళ్ళిపోయేవాడు. అలా పది నెలలు.

కురుచికుప్పంలో చేపలవాళ్ళ ఇళ్ళ మధ్య ఒక్క గదిలో మునెమ్మ ఉండేది. ఇడ్లీలు పోసి అమ్ముకునేది. అన్న పొద్దున్నే వెళ్ళి వాకిట్లో నిలబడేవాడు. ఆమె వెళ్ళిపొమ్మనేది కాదు, రమ్మనేది కాదు. మంచినీళ్ళయినా ఇచ్చేది కాదు. ఒకే ఒక్కసారి మాట్లాడిందట. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి తినకుండా పడుకున్నాడు, ఏందని అడిగితే ఏం లేదన్నాడు, షెడ్డులో ఏం జరిగినాదో చెప్పు అని. ఈయన దాటేశాడు. సర్కారుకి అంతా చెప్పినా మునెమ్మా, కాయితం వస్తాది, చదివించి వినిపిస్తా అన్నాడట.

కాయితం వచ్చింది. చెంగల్రాయన్‌ని పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు. దానికి వాంగ్మూలం నకలు జత. గేటు దగ్గరికి వెళ్ళి చెప్పాను.

"జైలు గాదా?" అన్నాడు.

"కాదన్నా. ఉద్యోగం."

పీపాకేసి తిరిగాడు. తరవాత అడిగాడు. "నేను జెప్పిందంతా చదివినారా? చదివినాక కూడా మన్నించినారా?"

అప్పుడు చెప్పొచ్చు. అన్నా, నువ్వు చెప్పింది అందులో లేదు అనొచ్చు. అక్కడ ఉన్నది ఇద్దరమే. అవునన్నా అన్నాను.

ఆయన మొహంలో పది నెలల తరవాత కొంచెం జీవం వచ్చింది. అది చూడలేక నేను తల తిప్పుకున్నాను. అంత పెద్ద సర్కారే మన్నిస్తే నా చెల్లెలు మన్నించదా, నా నోటికి రాదు, నువ్వొచ్చి నా మాటలు చదువు తంబీ అన్నాడు. రెండు ఆదివారాలు తప్పించుకున్నాను. మూడో ఆదివారం పొద్దున్నే అంబుజమ్మక్కని వెంటబెట్టుకుని నా గది ముందుకొచ్చి కూర్చున్నాడు. ఆవిడ నన్ను చేతులెత్తి అడిగింది. ఇక తప్పలేదు. ఆవిడ ఇంటికి పోయింది, మేమిద్దరం బయల్దేరాం.

దారి పొడుగునా ఆలోచించాను. కాయితంలో ఏముందో మునెమ్మకి తెలియదు, ఈయనకి తెలియదు. ఆయన ఆ రోజు చెప్పింది నాకు అక్షరం అక్షరం జ్ఞాపకం ఉంది. అదే చదవొచ్చు. చదివితే ఆమె ఊరుకుంటుందా? మా ఆయన్ని తెలిసి తెలిసీ చంపారని ఆఫీసుకొస్తుంది. అసలు కాయితం బయటికి తీస్తారు. తీస్తే అందులో ఇంకోటి ఉంటుంది. రాసింది ఎవరంటే నేను.

మునెమ్మ గుమ్మంలో కూర్చుంది. చెంగల్రాయన్ వాకిట్లో గోడవార కూర్చున్నాడు, చేతులు కట్టుకుని, కళ్ళు మూసుకుని. నేను కాయితం విప్పాను. ఉన్నది ఉన్నట్టు తెలుగులోకి తిప్పి చదివాను. ముల్లు నూట అరవై మీద ఉన్నది. తాళం వేసి ఉన్నది. లైనులో బలం పడిపోయింది. పనివానికి తెలిసే వీలు లేదు. దోషం ఏమియు లేదు.

చదువుతూండగానే ఆయన కళ్ళు తెరిచాడు. నేను తలెత్తలేదు.

మునెమ్మ గడప చెక్కని గోటితో గీరింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది. "కరెంటు పోయినదానికి నువ్వేం జేస్తావన్నా" అంది. "నీకెట్ల తెలుస్తాది. నేనే పాపిష్టిదాన్ని, నిన్ను ఇన్నాళ్ళు వాకిట్ల నిలబెట్టినా." లేచి అన్నని లోపలికి పిలిచి, ఆకు కడిగి తెచ్చి అతని ముందు వేసింది. అన్నం వడ్డించింది. పులుసు పోసింది. పది నెలల తరవాత ఆయనకి ఆమె పెట్టిన అన్నం అది.

ఆయన నోరు తెరిచాడు. చెల్లెలి మొహంలోకి చూశాడు, మళ్ళీ మూసుకున్నాడు. నావైపు తిరిగాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఎడమకాలి మడమ నేల మీద ఒక్కసారి తట్టింది.

నాకు అర్థమైంది, సత్తువ చాల్లేదు, పెంచు అని. ఆయన ఆగాడు. ముసుగులో ఉండి తాడు కోసం ఎలా ఆగేవాడో అలాగే ఆగాడు. మళ్ళీ ఒక్కసారి తట్టాడు.

నేను కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మునెమ్మ నాక్కూడా ఆకు వేసింది. తిన్నాను.